ఇంట గెలిచి రచ్చ గెలుద్దాం

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఉర్దూ మాస్టరు తెలుగులో మాట్లాడడమేమిటని కొందరికి అనిపించవచ్చు. చుట్టుపక్కల పల్లెల నుండి వచ్చిన మన వాళ్లలో చాలామందికి ఉర్దూ చదవడం రాదు. ఈ సంచిక ఇంటికి తీసుకుపోయి పిల్లలతో చదివించుకునేది తెలుగులోనే. కనుక తెలుగులోనే చెప్తాం. తప్పులు దొర్లితే మన్నించగలరు.

ఊళ్లో చిన్న పదవి చేసినవాడు పెద్ద పదవికి పోటీ చేయడమనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని పెద్దలు కోరారు. మేము సర్కారు నౌకరీలో ఉన్నవాళ్లం. ఏ పార్టీకీ ఓటు వేయమని చెప్పేది లేదు, వద్దని చెప్పేదీ లేదు. జరిగినవి చెప్తాం. అందులోంచి మన జమాత్ ఏం నేర్చుకోవాలో మీరే ఆలోచించండి.

మొదట మా తప్పు ఒకటి ఒప్పుకుంటాం. అది చెప్పకుండా ఇతరుల సంగతి చెప్పడం న్యాయం కాదు.

2020 నాటి మాట. అప్పుడు మేము వేరే ఊళ్లో పనిచేస్తున్నాం. ఊరి పేరు, మనిషి పేరు చెప్పం. మా దగ్గర పదో తరగతి చదివిన పిల్లవాడొకడు ఒకనాడు సాయంత్రం ఇంటికి వచ్చాడు. "సార్, మునిసిపాలిటీల మైనారిటీలకు కో-ఆప్షన్ మెంబరు జాగ ఉన్నదట. పెద్దసార్లకు ఇయ్యాలె. మంచిగ దరఖాస్తు రాసియ్యండి" అన్నాడు. వార్డుకే నిలబడకపోయావా అని మేమడిగాం. "ఎందుకు సార్! ఖర్చు. ఇంటింటికి తిరుగుడు. ఓడిపోతే ఇజ్జత్ పోతది. ఇదైతే కూసున్నకాడికే వస్తది" అన్నాడు. మేము కూడా నవ్వి, రెండు పేజీలు చక్కగా రాసిచ్చాం. పదవి వచ్చింది. పూలదండ వేశాం, ఫోటో దిగాం, స్వీట్లు పంచాం.

ఆ తర్వాత ఐదేండ్లు మా బడి వెనుక మురికి కాలువ అట్లాగే ఉంది. వానాకాలం వస్తే నీళ్లు ఒకటో తరగతి గదిలోకి వచ్చేవి. పిల్లవాణ్ని పిలిచి అడిగితే తల వంచుకొని, "మీటింగుల మాట్లాడొచ్చు సార్. కాని ఓటింగు పెడితే నాకు చెయ్యెత్తే హక్కు లేదు" అన్నాడు. అది నిజమే. చట్టమే అట్లా ఉంది. మండల పరిషత్తులో ఒక మైనారిటీ సభ్యుణ్ని, జిల్లా పరిషత్తులో ఇద్దరిని కో-ఆప్ట్ చేసుకుంటారు. పురపాలక సంఘాలలో కూడా మైనారిటీలకు ఆ స్థానాలు కలవు. కుర్చీ ఉంటుంది, మాట ఉంటుంది, ఓటు ఉండదు.

కొన్నాళ్లకు అదే పిల్లవాడు పెద్ద పదవికి పోటీ చేయాలని ఆశపడి ఒక నాయకుని దగ్గరికి పోయాడు. ఆ నాయకుడు ఒక్కటే ప్రశ్న అడిగాడట. "తమ్మీ, ఇంతవరకు నీకు ఎన్ని ఓట్లొచ్చినయి?" పిల్లవాని దగ్గర చెప్పుకోవడానికి ఒక్క అంకె కూడా లేదు. ఓడిపోయిన అంకె కూడా లేదు. తిరిగి వచ్చి మాకు ఈ సంగతి చెప్పినప్పుడు మాకు మాట రాలేదు. ఆ దరఖాస్తు రాసిన చెయ్యి మాదే గదా!

ఇప్పుడు మన జిల్లాలో జరిగిన సంగతి చూద్దాం. మక్తల్ మనకు దూరమేమీ కాదు. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట జిల్లా ఏర్పడిన నాటి నుండి మక్తల్‌కు, మనకు జిల్లా ఒక్కటే. ఆ ఊరు గ్రామ పంచాయతీగా ఉన్న రోజుల్లో వాకిటి శ్రీహరి గారు సర్పంచ్‌గా చేశారు. ఆ తర్వాత జడ్పీటీసీ సభ్యులయ్యారు. 2023 శాసనసభ ఎన్నికల్లో అదే మక్తల్ నుండి గెలిచారు. 2025 జూన్ 8న మంత్రిగా ప్రమాణం చేశారు. ఊరి సర్పంచ్ రాష్ట్ర మంత్రి కావడానికి మెట్లు ఇవి: ఊరు, మండలం, నియోజకవర్గం, ఆ తర్వాత రాష్ట్రం. ఆయన ముదిరాజ్ కులానికి చెందినవారు. పెద్ద కులం పేరు, జాగీరు ఆస్తి ఉంటేనే పై పదవి దొరుకుతుందని మనలో ఒక నమ్మకం ఉంది. మక్తల్ సంగతి చూసిన తర్వాతనైనా ఆ నమ్మకం కొంత సడలాలి.

ఇక మన నియోజకవర్గం సంగతి. కోస్గి కొడంగల్ నియోజకవర్గంలోనిదేనని మీకు వేరే చెప్పనక్కరలేదు. రేవంత్ రెడ్డి గారు 2023 డిసెంబర్ 7న ముఖ్యమంత్రి అయ్యారు. 1952లో షాద్‌నగర్ నుండి గెలిచి హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావు గారి తర్వాత పాలమూరు మనిషి ఆ కుర్చీ ఎక్కడం అదే. ఆయన మొదటి మెట్టు ఏది? 2006లో మిడ్జిల్ మండలం నుండి జడ్పీటీసీ. అదీ ఏ పార్టీ గుర్తూ లేకుండా, స్వతంత్రుడిగా.

రెండో మెట్టు గమనించండి. 1985లో రద్దయిన శాసనమండలిని 2007లో మళ్లీ పెట్టారు. రాజ్యాంగం ప్రకారం మండలి సభ్యులలో మూడో వంతు మందిని స్థానిక సంస్థల సభ్యులు ఎన్నుకుంటారు. అనగా జడ్పీటీసీలు, ఎంపీటీసీలు, మునిసిపల్ కౌన్సిలర్లు. 2007లో రేవంత్ రెడ్డి గారు మహబూబ్‌నగర్ స్థానిక సంస్థల నుండి మండలికి స్వతంత్రుడిగానే గెలిచారు. ఓటు వేసింది మామూలు జనం కాదు, వార్డుల్లో, మండలాల్లో గెలిచి వచ్చిన సభ్యులు. తానూ వారిలో ఒకడు కాబట్టే వారిలో తిరగగలిగారు, అడగగలిగారు. 2009లో, 2014లో కొడంగల్ శాసనసభ్యులయ్యారు.

అంతా పైకే ఎక్కారనుకుంటే పొరపాటు. 2018 డిసెంబర్ 4న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ గారి ఎన్నికల సభ మన కోస్గిలోనే జరిగింది. ఆ ఎన్నికలో రేవంత్ రెడ్డి గారు 9,319 ఓట్లతో ఓడిపోయారు. ఆరు నెలలు తిరగకుండానే 2019లో మల్కాజిగిరి నుండి పార్లమెంటుకు గెలిచారు. 2023లో మళ్లీ కొడంగల్‌కే వచ్చి 32,532 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. అదే ఎన్నికలో కామారెడ్డిలో కూడా నిలబడి అక్కడ ఓడిపోయారు. ఓడినచోటికి మళ్లీ రాగలగడం చిన్న విషయం కాదు. అంతకు ముందు మనుషులతో పని ఉండాలి, పేరుండాలి. ఓడిపోతే ఇజ్జత్ పోతుందని మన పిల్లలకు మనమే నేర్పినాం. ఆ పాఠం మార్చుకోవాలి.

చిన్న పదవి ఉంటే చాలు, పెద్దది తప్పక వస్తుందని కూడా మేము అనడం లేదు. గద్వాల సంగతి తీసుకోండి. అక్కడ సరిత గారు 2019లో జోగులాంబ గద్వాల జిల్లా పరిషత్తు అధ్యక్షురాలయ్యారు. 2023లో శాసనసభకు పోటీ చేసి ఓడిపోయారు. వరంగల్లులో నన్నపునేని నరేందర్ గారు 2016లో నగర మేయరు అయ్యారు. 2018లో వరంగల్ తూర్పు నుండి శాసనసభకు గెలిచి మేయరు పదవి వదిలారు. 2023లో అదే స్థానంలో ఓడిపోయారు. ఎక్కిన మెట్టు దిగవలసి రావచ్చు. ప్రజల తీర్పు అట్లాగే ఉంటుంది. అయినా వీళ్లందరి చేతిలో ఒక లెక్క ఉంది. ఇంతమంది మాకు ఓటేశారు, ఇన్ని పనులు చేశాం, ఇన్ని చేయలేకపోయాం అని చెప్పుకునే లెక్క.

"ఇవన్నీ వాళ్ల సంగతులు సార్, మన వాళ్లకెక్కడ సాధ్యం?" అని మీలో కొందరు మనసులో అనుకుంటున్నారు. జవాబు ఉంది. మెదక్ జిల్లాగా ఉన్న రోజుల్లో జహీరాబాదు దగ్గర హోతి(బి) అనే గ్రామానికి మహమ్మద్ ఫరీదుద్దీన్ గారు సర్పంచ్‌గా చేశారు. 1999లో, 2004లో జహీరాబాదు నుండి శాసనసభకు గెలిచారు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారి మంత్రివర్గంలో మైనారిటీ సంక్షేమ శాఖ మంత్రి అయ్యారు. జహీరాబాదులో మన వాళ్ల ఓట్లు గణనీయంగా ఉన్న మాట నిజమే గాని, ఆ ఓట్లతోనే ఎవరూ గెలవలేరు. రైతులు, కూలీలు, అన్ని కులాల వాళ్లు వేస్తేనే గెలుపు. 2009లో ఆ స్థానం ఎస్సీలకు రిజర్వు అయింది. ఆయన హైదరాబాదు పోయి అంబర్‌పేటలో నిలబడి ఓడిపోయారు. 2016లో శాసనమండలి సభ్యులయ్యారు. 2021 డిసెంబరులో కాలం చేశారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. తన ఊరి పంచాయతీ మెట్టు మీద కాలు పెట్టిన మనిషి కాబట్టే ఆయన పేరు ఇక్కడ తలుచుకున్నాం.

ఇప్పుడు 2023 లెక్క చూడండి. రాష్ట్రంలో ఏడుగురు ముస్లిం శాసనసభ్యులు గెలిచారు. ఏడుగురూ ఒక్క పార్టీ వారే, ఏడు స్థానాలూ హైదరాబాదువే. ఉమ్మడి మహబూబ్‌నగర్ పద్నాలుగు స్థానాలలో మన వాడొక్కడూ లేడు. గెలిచిన పార్టీ తరఫున నిలబడిన మన వాళ్లలో ఒక్కరూ గెలవలేదు. అందువల్ల రాష్ట్ర మంత్రివర్గంలో దాదాపు రెండేండ్లు ముస్లిం మంత్రి లేడు. 2025 అక్టోబర్ 31న మహమ్మద్ అజారుద్దీన్ గారు మంత్రిగా ప్రమాణం చేశారు. ఆ రోజుకు ఆయన ఏ సభలోనూ సభ్యులు కారు. క్రికెట్ కెప్టెనుగా దేశమంతా తెలిసిన మనిషి, పైనుండి పిలుపు వచ్చింది. సంతోషం. కాని మన బస్తీల్లో పుట్టిన పిల్లలంతా దేశానికి కెప్టెన్లు కాలేరు గదా! వారికి ఉన్న దారి వార్డు దారే.

"సరే సార్, పై పదవి మనకెందుకు? నల్లా, మోరీ, వీధి దీపం వార్డు మెంబరే చూస్తాడు గదా" అని ఒక చాచా మొన్న మమ్మల్ని అడిగారు. మంచి ప్రశ్న. మేము మాస్టర్లం కనుక బడి లెక్కతోనే చెప్తాం.

2024 ఫిబ్రవరి 21న మన కోస్గిలో ముఖ్యమంత్రి గారి సభ జరిగింది. నారాయణపేట-కొడంగల్ ఎత్తిపోతల పథకంతో పాటు అనేక పనులకు శంకుస్థాపన చేశారు. అదే ఏడు మన పాలిటెక్నిక్ ఇంజినీరింగ్ కాలేజీ అయింది. కోస్గికి ఇంజినీరింగ్ కాలేజీ వస్తుందని మన తాతలు కలగన్నారా? మన ఊరి ఓటుతో గెలిచినవాడు పైకి పోతే ఏమవుతుందో కళ్లారా చూశాం.

మరి ఆ కాలేజీ గేటు దాటి లోపలికి పోయే మన పిల్లలు ఎంతమంది? ఉర్దూ మీడియం బడుల కష్టం మీకు తెలియనిది కాదు. టీచరు పోస్టులు మంజూరవుతాయి. వాటిలో ఎస్సీ, ఎస్టీలకు రిజర్వు అయిన పోస్టులకు ఉర్దూ మీడియంలో చదివిన అభ్యర్థులు ఆ వర్గాలలో దొరకరు. పోస్టు ఖాళీగానే ఉండిపోతుంది. మళ్లీ నోటిఫికేషన్ వస్తుంది, మళ్లీ ఖాళీయే. రిజర్వేషన్ తప్పని మేము అనడం లేదు. అది ఆ సోదరుల హక్కు. వారి వాటా వారికి వేరేచోట ఇచ్చి, ఈ ఖాళీలు నింపే మార్గం చూడమని చాలా ఏండ్లుగా అడుగుతున్నాం. లెక్కల మాస్టరు లేని బడిలో చదివిన పిల్లవాడు ఇంజినీరింగ్ సీటు ఎట్లా తెచ్చుకుంటాడు? ఇది వార్డు మెంబరు చేతిలో లేని పని, చైర్మన్ చేతిలోనూ లేదు. రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించాలి, శాసనసభలో ఎవరో ఒకరు లేచి అడగాలి. మోరీ కోసం వార్డులో మనిషి కావాలి. మాస్టరు కోసం అసెంబ్లీలో మనిషి కావాలి. వార్డులో మనిషి లేకుండా అసెంబ్లీకి మనిషి ఎక్కడి నుండి వస్తాడు?

ఇంకో మాట. ఎన్నికలు వస్తే మా మాస్టర్లకు పోలింగ్ డ్యూటీ వేస్తారు. ఇరవై ఏండ్లుగా చేస్తున్నాం. ఒకచోట ఒక ముసలమ్మ ఎండలో నడిచి వచ్చింది. చీటీ మీద పేరు ఒకటి, కార్డు మీద పేరు ఒకటి, జాబితాలో అసలు పేరే లేదు. "బేటా, పోయినసారి ఏసిన గదా" అన్నది. మేమేం చేయగలం? వెనక్కి పంపాం. ఆమె గడప దాటేదాకా చూడలేక తల దించుకొని రిజిస్టరు చూసుకున్నాం. పూణె, బొంబాయి పనులకు వలస పోయిన వాళ్ల పేర్లు, పెళ్లై వచ్చిన కోడళ్ల పేర్లు, పద్దెనిమిది నిండిన పిల్లల పేర్లు జాబితాలో ఉన్నాయో లేవో ఎన్నికల రోజున కాదు, ఆరు నెలల ముందు చూడాలి. పెద్ద సభలు పెట్టి మైకులో మాట్లాడేకంటే ఈ పని ఎక్కువ. మేము ఇప్పుడు మైకులోనే మాట్లాడుతున్నాం గనుక ఇది మాకూ వర్తిస్తుంది.

మన కోస్గి 2018లో పురపాలక సంఘమైంది. 2020 జనవరి 22న మొదటిసారి ఓట్లు వేశాం. ఆ మొదటి పాలకవర్గం గడువు 2025 జనవరిలో ముగిసింది. పట్టణానికి పంచాయతీ రోజుల కంటే నిధులు ఎక్కువ, బాధ్యతలూ ఎక్కువ. చైర్మన్‌ను నేరుగా జనం ఎన్నుకోరు. వార్డు సభ్యులు ఎన్నుకుంటారు, శాసనసభ్యుడు, పార్లమెంటు సభ్యుడు వంటి వారికీ అందులో ఓటు ఉంటుంది. అందుకే ఒక్క వార్డు ఓటు కూడా చిన్నది కాదు. ఒక్కోసారి ఆ ఒక్క చెయ్యే చైర్మన్ ఎవరో తేలుస్తుంది. కో-ఆప్షన్ చెయ్యికి ఆ బలం లేదు.

స్థానిక సంస్థల్లో సగం స్థానాలు స్త్రీలవి. మన ఇండ్లలో ఏం జరుగుతుంది? వార్డు మహిళలకు వస్తే, "ఇంకేం, మనకు పోయింది" అని ఊరుకుంటాం. పోలేదు. వచ్చింది. పదో తరగతిలో మా ఆడపిల్లలు మగపిల్లల కంటే ముందుంటున్నారు. రేషన్ కార్డు ఎక్కడ ఆగిందో, పింఛను ఎవరికి రాలేదో వీధిలో అందరికంటే ముందు తెలిసేది స్త్రీలకే. పరదా వెనుక కూర్చున్న చెల్లెళ్లారా, ఈ మాట మీకే.

ముగించే ముందు మూడు విన్నపాలు.

మొదటిది, ప్రతి వార్డుకు ముగ్గురు యువకులు, ఇద్దరు యువతులు కూర్చొని ఓటరు జాబితా ఇంటింటికి సరిచూడాలి. మన ఇండ్లే కాదు, పక్కింటి కుర్మ వాళ్లవి, మాదిగ వాళ్లవి కూడా చూడాలి. పొరుగువాడి పేరు పోతే మన పేరు పోయినట్లే అనుకున్నవాడే ఆ వీధికి మెంబరు కావలసినవాడు.

రెండవది, పోటీ చేయదలచిన పిల్లలు ఒక నోటుపుస్తకం పెట్టుకోవాలి. ఏ గల్లీలో ఏ పని ఉంది, ఏ తేదీన ఎవరిని అడిగినాం, ఏమన్నారు అని రాయాలి. రేపు పెద్ద పదవి అడిగేనాడు ఆ పుస్తకమే మీ సర్టిఫికెట్టు.

మూడవది, పెద్దలకు. ఓడిపోయి వచ్చిన పిల్లవాణ్ని ఎగతాళి చేయకండి. మళ్లీ ఐదేండ్లకు నిలబడే ధైర్యం అతనికి మీరివ్వాలి. గెలిచినవాణ్ని కూడా పూలదండతో వదిలిపెట్టకండి. ఏడాదికొకసారి ఈ సభలోనే నిలబెట్టి లెక్క అడగండి. పై పదవికి పోతానంటే కింది పదవి లెక్క ముందు చెప్పమనండి.

మా వంతు మాట కూడా ఇస్తున్నాం. దరఖాస్తులు రాయడంలో మాకు కొంచెం పేరుంది. పింఛనుకు, స్కాలర్‌షిప్‌కు, రేషన్ కార్డుకు ఎన్నైనా రాస్తాం. కో-ఆప్షన్ కోసం మాత్రం ఇక రాయం. నామినేషన్ ఫారం ఎట్లా నింపాలో తెలియక వార్డుకు నిలబడేవాడు ఎవరైనా వస్తే, ఏ కులం వాడైనా, ఏ మతం వాడైనా, ఏ పార్టీ వాడైనా కూర్చోబెట్టి నేర్పుతాం. ప్రచారం మా పని కాదు. ఫారం నింపడం నేర్పడం మాస్టరు పనే.

ఆ పిల్లవాడు మొన్న మళ్లీ కలిశాడు. "సార్, ఈసారి వార్డుకే నిలబడ్త. ఎన్ని ఓట్లొస్తయో సూస్త" అన్నాడు. గెలుస్తాడో ఓడుతాడో అల్లాకెరుక. ఎన్ని వచ్చినా ఆ అంకె అతనిదే.

 ఖుదా హాఫిజ్. జై హింద్.